భిక్షపతి తరఫున

అండాలమ్మ ఎడమచేత్తో భర్త గడ్డం పట్టుకుని, కుడిచేత్తో ఇడ్లీ ముక్క నోట్లో పెట్టింది. మింగాడని గొంతు చూసి తెలుసుకుని, ఇంకో ముక్క తుంచింది. ఫాల్ కుట్టాల్సిన చీరలు పక్కన మడతల్లోనే ఉన్నాయి. దిల్‌సుఖ్‌నగర్ షాపువాళ్లు ఆలస్యమైతే నాలుగు మాటలంటారు. అననీ అనుకుంది. ఈమధ్య ఆమెకు దేనికీ భయం వెయ్యడం లేదు, సంతోషమూ కలగడం లేదు.

పక్షవాతంతో భిక్షపతికి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాటా పోయింది. బాటసింగారం పండ్ల మార్కెట్‌కు లారీ తోలినన్నాళ్లూ నోరు మూతపడని మనిషి. ఇప్పుడు ఆయన ఆకలి, నొప్పి, నిద్ర అన్నీ అండాలమ్మే చెబుతుంది. ఎవరు పలకరించినా ఆయన పెదవి కదిపేలోగా ఆమె జవాబు సిద్ధం.

మాటలు నేర్పే డాక్టరమ్మ ఈసారి ఎల్బీనగర్‌లో మ్యూజిక్ థెరపీకి వెళ్లమని చీటీ రాసిచ్చింది. "మాటలే రానాయ్నకు పాటలెట్ల ఒస్తయి?" అని మన్సూరాబాద్ నుంచి ఆటోలో గొణుగుతూనే వచ్చింది అండాలమ్మ.

అక్కడ పాట నేర్పే అమ్మాయి పేరు సింధూర. చీటీ చదివి, భిక్షపతికి ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది.

"మాట రాకపోయినా కొందరికి పాటలో పదాలు పలుకుతాయండీ. మీకూ వస్తాయని ఇప్పుడే చెప్పలేను. ఈరోజు మీకేం ఇష్టమో తెలుసుకుంటాను, అంతే. ఎలాంటి పాటలు వింటారు?"

"దేవుని పాటలు," అంది అండాలమ్మ.

సింధూర గిటారు మీద ఒక భజన ఎత్తుకుంది. భిక్షపతి మొహం గోడవైపు తిప్పుకున్నాడు. నిజానికి పొద్దున్నే భజనలు పెట్టుకునేది అండాలమ్మ. లారీలో ఆయన ఏం వినేవాడో ఆమెకు తెలియదు. ఆ లారీ ఎప్పుడైనా ఎక్కితే కదా.

"ఇక్కడికి రావడం మీకిష్టమేనా?" సింధూర ఆయన్నే అడిగింది.

"ఒస్తడు మేడం. ఎందుకు రాడు."

"ఆయన్ని చెప్పనిద్దామండీ. ఆయన ఒప్పుకుంటేనే మొదలుపెడతాను."

ఆయన పెదవులు కదిలాయి. శబ్దం రాలేదు. అండాలమ్మ సాయానికి నోరు తెరిచి, బలవంతాన మూసుకుంది. భిక్షపతి ఎడమచెయ్యి మెల్లగా లేచింది. ముందు ఆమెను చూపించింది, తర్వాత తలుపును.

"నన్ను పొమ్మంటున్నవా?"

ఆయన తలూపాడు. ఆయన్ని ఒక మాట అడిగి, జవాబు కోసం ఆమె ఆగడం చాలా రోజుల తర్వాత ఇదే మొదటిసారి.

బయటికొచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. ఏడవాలనిపించింది, ఏడుపు రాలేదు. కోపమూ రాలేదు. గదిలో గిటారు తీగ మోగి ఆగింది. మళ్లీ మోగింది. దాని వెనకాలే భిక్షపతి గొంతులో మాట లేని ఒక కూనిరాగం, బొంగురుగా. భజన కాదు. ఆ పాట ఆమె ఎన్నడూ విన్నది కాదు. తలుపు మీద చెయ్యి వేసి, వెనక్కి తీసుకుంది. ఆ చేతులతో ఏం చెయ్యాలో ఆమెకు తోచలేదు.

గుమ్మం పక్కన భిక్షపతి చెప్పులు ఉన్నాయి. పడిపోయిన కాలి చెప్పు జారకుండా ఆమె కుట్టిన నాడా ముడి వీడి నేలమీద పడి ఉంది.