వాకిలి మూసిన బుల్లియ్య

బుల్డోజర్ ఉదయం ఎనిమిదికే వచ్చేసింది.

బర్మాలో, లైంగ్‌థార్యార్ అనే పేటలో బట్టల ఫ్యాక్టరీల వెనక ఉన్న ఆ ఎకరం గోంగూర చేనే దుర్గకూ, ఆమె మొగుడు బుల్లియ్యకూ బతుకుతెరువు. స్థలం సొంతదారు దాన్ని గోడౌనుకు ఇచ్చేశాడు. ఇక చేనును కాపాడగలిగేది ఒక్క ఫోటో.

పది రోజుల కిందట కూతురు మణిమాల తను పనిచేసే ఫ్యాక్టరీ అయిదో అంతస్తు నుంచి తీసిన ఫోటో అది. ఎండకు చేనంతా వడలిపోయింది. నడుమ మాత్రం పచ్చటి వలయం. ఆ వలయంలో తూర్పువైపు పది అడుగుల ఖాళీ; అక్కడా వడలిన పైరే. పురావస్తు శాఖలో పనిచేసే డో తిన్‌కు పంపితే వెంటనే జవాబొచ్చింది: 'కింద పూడిపోయిన కందకం ఉండొచ్చు. తేమ నిలిచి పైన పైరు పచ్చగా ఉంటుంది. చరిత్రకు ముందటి ఊరైతే ఆ ఖాళీ దాని వాకిలి. నిజమని తేలితే అక్కడ ఎవరూ తవ్వకూడదు.'

ఇవాళ డో తిన్ మణిమాలతో అయిదో అంతస్తు ఎక్కి చూసి, మాడిన ముఖంతో దిగింది.

"వలయం పూర్తిగా మూసుకుపోయింది. వాకిలి లేని ఊరుంటుందా? బుల్లియ్యగారూ, ఇది మీరు ఎరువు చల్లి గీసిందా?"

బుల్డోజర్ డ్రైవర్ ఇంజను ఆన్ చేశాడు. బుల్లియ్య మెడ గోక్కున్నాడు. ఆ గోకుడు దుర్గకు తెలుసు.

"ఏటి సేసినావు?"

"నానేటి సేసినానే..."

"సెప్తావా, ఆ బండి కింద తొంగోబెట్టీమంటావా?"

"అమ్మోరి పండక్కి ఊరు కడతాం కదే. సాక పోస్తా సుట్టూ తిరిగి, మొదలెట్టిన కాడికే రావాల. సందు వొగ్గితే గాలీ దూళీ దూరిపోద్ది. ఇంత పాతూరికి ఎవులో కట్టు సగంలో వొగ్గీసినారు. మనసొప్పలేదు. రోజూ పది బకెట్లు నీళ్లోసి పూడ్సీసినాను."

"ఊరికి వాకిలి మూసీసినావా! లోపలోల్లు బయిటికెలా వొస్తారు?"

"సచ్చి ఎన్ని యేల ఏళ్లయినాదో. ఇప్పుడెక్కడికెల్తారే?"

మణిమాల నవ్వు ఆపుకుంటూ అదంతా బర్మీస్‌లో చెప్పింది. డో తిన్ నవ్వలేదు. మట్టి తీసే ఇనుప గొట్టం తెప్పించి, బుల్లియ్య నీళ్లు పోసిన చోట గుచ్చింది. జానెడు తడి, ఆ కింద రాయిలాంటి పసుపు మట్టి. పక్కన వలయంలో గుచ్చింది. గొట్టం నాలుగు అడుగులు జారిపోయి, నల్లమట్టితో పాటు వేలిగీతలున్న కుండపెంకుతో పైకొచ్చింది.

"ఇంత లోతు బకెట్లతో ఎవరూ చేయలేరు," అని డో తిన్ అప్పుడు నవ్వింది. "ఈయన చేసిందేదో, చేయనిదేదో తేలిపోయింది."

ఇక్కడ తవ్వకూడదని కాయితం రాసి డ్రైవర్ చేతిలో పెట్టింది. అతను రెండుసార్లు చదివి, యజమానికి ఫోన్ చేసి, బండిని వెనక్కి తిప్పాడు.

"మరి చేను?" అంది దుర్గ భయంగా.

"ఆకు కోసుకోండి. దున్నొద్దు, మొక్క పీకొద్దు."

దుర్గ ఊపిరి పీల్చుకుని, బుట్ట మొగుడి చేతిలో పెట్టింది.

"ముందెల్లి ఆ పదడుగులూ కొయ్యి."