మోగని చక్రం

చక్రాన్ని ఒక చేత్తో పైకెత్తి పట్టుకుని, ఇంకో చేత్తో చిన్న స్పానరుతో తట్టి చూడాలి. కువైట్‌లో నేను ఏడేళ్లు పనిచేసిన షెడ్డులో ముసలి మేస్త్రీ నేర్పిన మొదటి పాఠం ఇది. మంచి చక్రమైతే ఖంగున మోగుతుంది, మోత కాసేపు నిలుస్తుంది. లోపల బొరియో బీటో ఉంటే టప్పుమని ఆగిపోతుంది. ఇంతే విద్య. ఇంత విద్య చేతిలో పెట్టుకుని నేను ఒకణ్ణి కాటికి పంపాను, ఇంకొకణ్ణి జైలుకు పంపాను. నా పేరు కమాల్ బాషా. ప్రొద్దుటూరులో మైదుకూరు రోడ్డు మీద నా మెకానిక్ షెడ్డు.

కాటికి పోయినవాడు ఓబులేసు. పెద్దముడియం పక్క పల్లె, గొర్రెల వాళ్లు. తండ్రి పిడుగు పడి పోతే మేనమామ రంగయ్య భుజాన వేసుకుని పెంచాడు. తీరా పెరిగాక వీడు అన్న వర్గంలో చేరాడు. అన్న అంటే జమ్మలమడుగు వైపు ఒక పార్టీకి పెద్ద. పేరు చెప్పను. చెప్పే దమ్ముంటే నాకీ గతి పట్టేది కాదు. రంగయ్యది అవతలి వర్గం. ఎత్తుకుని పెంచిన మేనమామతో మాటలు ఆగిపోవడానికి మా వైపు అది చాలు. మూడేళ్లు ఒకరి గడప ఒకరు తొక్కలేదు. మధ్యలో నలిగింది తల్లి నాగులమ్మ. ఒకవైపు కొడుకు, ఒకవైపు తోడబుట్టినవాడు.

ఓబులేసుకు బండి పిచ్చి. నలభై పొట్టేళ్లు అమ్మి ఎర్రటి స్పోర్ట్స్ బైకు కొన్నాడు. ఏడాదిగా నా చెవిలో జోరీగలా ఒకటే పాట.

"మామా, తేలిక చక్రాలు ఏసుకుంటే బండి ఎట్ల లేస్తాదో ఫోన్లో సూసినా. ఒట్టి ఈక మాదిరి మామా!"

"ఒరేయ్, అవి నున్నటి రోడ్డు మీద పందేలకు చేసినవి. మన గుంతలకు ఎద్దులబండి చక్రం కూడా చాలదు. కంపెనీ చక్రాలకేం వచ్చింది రోగం?"

"ముందు వరసలో పోవాల మామా. ఎన్నాళ్లని ఎనక దుమ్ము తింటా?"

అదీ వాడి అసలు కోరిక. అన్న ఎక్కడికి పోయినా కారు ముందు నాలుగు బైకులు పోతాయి. ఆ నలుగురూ మొనగాళ్లు, వెనకవాళ్లు మంద. వాడు తొట్టతొలి వరసలో పోతుంటే వాళ్ల పల్లె చూడాలి, రంగయ్య మామ కూడా చూడాలి.

ఎన్నికలు దగ్గరపడ్డాయి. పులివెందులలో పార్టీ సభ అన్నారు. దానికి వారం ముందు అన్న తన ఇంటి ముందు నలుగురు కుర్రాళ్లను పిలిచి, శాలువాలు కప్పి, తలా ఒక జత తేలిక చక్రాలు చేతికిచ్చాడు. నాలుగోవాడు ఓబులేసు. బెంగుళూరు పోయి ఆ చక్రాలు తెచ్చింది అన్న దగ్గర పనులన్నీ చూసే మద్దిలేటి. వాడి చేతిలోంచి పోయిన ఏ వస్తువూ పోయినంత తిరిగి రాదని ఊరందరికీ తెలుసు, అన్నకు తప్ప.

ఓబులేసు ఆ చక్రాలకు కుంకుమ బొట్లు పెట్టి మరీ నా షెడ్డుకు తెచ్చాడు. నేను ఒకటి ఎత్తి తట్టాను. టప్. రెండోది తట్టాను. టప్.

"ఏంది మామా, బిగించకుండా మోగిస్తాండావు?"

"ఇది డూప్లికేట్‌రా ఓబులేసూ. ముద్ర లేదు, నెంబరు లేదు. మంచివి అల్యూమినియం దిమ్మను వందల టన్నుల బరువుతో నొక్కి చేస్తారు. ఇవి ఊరికే పోత పోసి, బరువు తగ్గాలని చువ్వలు సన్నం చేసినారు. విను." వాడి పాత చక్రం తీసి తట్టాను. ఖంగుమంది. మళ్లీ కొత్తది తట్టాను.

వాడి మొహం మాడిపోయింది. వాడికి నేను విడమరచి చెప్పాల్సిన పనే లేదు. సంతలో పొట్టేలు మెడకు గంట కొనాలంటే పది గంటలు మోగించి ఒకటి ఏరుకునే ఇంట్లో పుట్టాడు. విన్నాడు, తెలుసుకున్నాడు. అయినా తల అడ్డంగా ఊపాడు.

"అన్న సేత్తో ఇచ్చినాడు మామా. శాలువా కప్పి ఇచ్చినాడు. పాత సక్రాల మీద పోతే ఏమనుకుంటాడు?"

"డూప్లికేట్ అంటగట్టినారని చెప్పు."

"అంటే మద్దిలేటి దొంగ అన్నట్టే గదా. వాడు నన్ను బతకనిస్తాడా? రేపు పొద్దునకే నేను ఆ పార్టీలో సేరినానని పుకారు లేపుతాడు. మా మామ ఆడనే ఉండాడు, అందరూ నమ్ముతారు."

వాడు చెప్పింది అబద్ధం కాదు. మా సీమలో నాయకుడు చేత్తో ఇచ్చినదాన్ని వద్దనడం, పార్టీ మారడం రెండూ ఒకటే. కుళ్లిన పండు ఇచ్చినా కళ్లకద్దుకుని తినాల్సిందే. కక్కుకోవాలంటే ఇంటికి పోయి కక్కుకోవాలి.

"సభ అయిపోనీ మామా. మర్నాడే వచ్చి తీపిచ్చుకుంటా. నీ మీద ఒట్టు."

నేను గట్టిగా కాదని ఉంటే వాడు ఇంకో షెడ్డుకు పోయేవాడు. ఈ మాట నాకు నేను రోజూ చెప్పుకుంటాను. కానీ నేను కాదనలేదు. బిగించాను. పాత చక్రాలు షెడ్డు గోడకు తగిలించాను. బండి బయటికి తీస్తుంటే "నెమ్మదిగా పోరా" అన్నాను. పరుగు కోసం చేసిన చక్రాలు బిగించి నెమ్మదిగా పొమ్మన్నాను! నా అంత తెలివైనవాడు కడప జిల్లాలో ఇంకొకడు ఉండడు.

సభ రోజు పొద్దున జమ్మలమడుగులో జెండాలు, హారన్లు, పూలు. ఓబులేసు ముందు వరసలోనే బయల్దేరాడు. ముద్దనూరు దాటే ముందు పెట్రోలుకు ఆగి వెనకబడ్డాడట. మళ్లీ ముందు వరస అందుకోవాలని ఒక్కడే మెడ తిప్పకుండా లాగించాడు. దోవలో కల్వర్టు దగ్గర ఒక గుంత.

ఫోను రాగానే నేను పోయాను. అప్పటికే వాణ్ణి ఆటోలో వేసుకుపోయారు. ప్రాణం దోవలోనే పోయిందని తర్వాత తెలిసింది. బండి కంపల్లో పడి ఉంది. ముందు చక్రం చువ్వలు మూడు మొదట్లోనే తెగి ఉన్నాయి. తెగినచోట బెల్లం గడ్డ విరిచినట్టు గరుకు, ఆ గరుకులో చిన్న చిన్న బొరియలు. కల్వర్టు మీద రంగయ్య కూర్చుని ఉన్నాడు. ఆ పక్క బీళ్లలో గొర్రెలు మేపుకుంటున్నాడట. చొక్కా నిండా మేనల్లుడి రక్తం.

"సక్రం ఇరిగిందప్పా. నా కండ్ల ముందరే ఇరిగింది" అన్నాడు. "ఒళ్లో పండుకోబెట్టుకున్నా. నీళ్లడిగినాడు. మామా అన్నాడు కమాలూ... మూడేండ్లకు మామా అన్నాడప్పా!"

మా వైపు శవం లేవకముందే పేర్ల జాబితా లేస్తుంది. అన్న మనిషి బండి మీద నుంచి పడి చస్తే అది అన్నకు సిగ్గు. అవతలివాళ్లు చంపితే అది అన్నకు ఓట్లు. సాయంత్రానికి పోలీసు ఫిర్యాదులో ఐదు పేర్లు రాసేశారు. అడ్డంగా నిలబడి ఇనపరాడ్లతో చక్రం మీద, తల మీద కొట్టారని రాశారు. మొదటి పేరు రంగయ్యది. పాత పగ ఉంది, అక్కడే ఉన్నాడు, చొక్కాకు రక్తం ఉంది. ఇంకేం కావాలి? గుండెలు బాదుకుంటున్న నాగులమ్మ బొటనవేలికి సిరా పూసి కాగితం మీద అద్దించారు.

మర్నాడు మద్దిలేటి నా షెడ్డుకు వచ్చాడు. టీ తెప్పించుకుని తాగి, పోలీసులకు ఇవ్వడానికి నా పేరుతో రాసిన కాగితం జేబులోంచి తీశాడు.

"ఏం ల్యా కమాలూ. బండి కండిషన్లో ఉండె, సక్రాల్లో ఏ లోపమూ ల్యాకుండె అని. బిగించినోడివి నువ్వే గదా, నువ్వే సెప్పాల."

కాగితం రెండుసార్లు చదివాను. కింద సంతకం పెట్టాను.

అందరూ భయపడి పెట్టాననుకుంటారు. భయం ఉంది, లేదనను. కానీ ఛీ, నిజం చెప్తాను: ఆ కాగితం చదవగానే నా ప్రాణం కుదుటపడింది. చక్రం మంచిదైతే బిగించిన చెయ్యి కూడా మంచిదే కదా! నా తప్పు మద్దిలేటి తప్పులో కలిసిపోయింది, ఇద్దరి తప్పూ కలిపి రంగయ్య నెత్తిన పడింది. ఇంకొక ముచ్చట. ఆ వారంలోనే మిగతా ముగ్గురు కుర్రాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి పాత చక్రాలు వేయించుకుపోయారు. ఎందుకని నేను అడగలేదు, వాళ్లు చెప్పలేదు. ఆ పక్కరోజు ఓబులేసు సంతాప ఊరేగింపులో "హంతకులను ఉరితీయాలి" అని అందరికంటే గట్టిగా అరిచింది వాళ్లే.

అన్న గెలిచాడు. గెలిచిన ఐదు నెలలకు అవతలి పార్టీలో చేరాడు. నిన్నటిదాకా ఒకరి తల ఒకరు నరుక్కుంటామన్నవాళ్లు ఒకే విస్తరిలో తిన్నారు. కేసులో నలుగురికి బెయిలు వచ్చింది, వాళ్లు నాయకుల మనుషులు. రంగయ్య గొర్రెల మనిషి, అందుకని లోపలే ఉండిపోయాడు. అతని మంద కాపలా లేక, అయినకాడికి పోయింది. ఓబులేసు బొమ్మ ఉన్న ఫ్లెక్సీ ఎండకు వెలిసిపోయి ఎవరి కొట్టానికో పరదా అయింది.

మొన్న శుక్రవారం, నమాజు చేసుకుని షెడ్డుకు వచ్చేసరికి నాగులమ్మ బయట కూర్చుని ఉంది. పక్కన ట్రాలీ ఆటోలో ఎర్ర బండి. కోర్టు వాళ్లు ఆమెకు అప్పగించారట.

"వాని పాత సక్రాలు నీకాడ ఉండాయంట గదప్పా. ఏసియ్యి. బండి అమ్మి మా రంగన్నకు లాయర్ని పెట్టాల. ముందు సక్రం విరిగింది గదా, వాడు యాల కొడతాడప్పా ఆ సక్రాన్ని? ఏడాదిగా అదే తలుస్తాండా. ఎత్తుకుని పెంచినోడప్పా వాడు!"

నేను గోడ మీది చక్రాలు దించాను. బండి వెనక చక్రం విప్పి పక్కన పెట్టాను. అది విరగలేదు, కొత్తదానిలాగే మెరుస్తోంది. బొట్టు కూడా చెరగలేదు. నాగులమ్మ దాని పక్కన కూర్చుని ఆ బొట్టును వేలితో తడిమింది. తర్వాత, గంటలు ఏరే అలవాటు కదా, నేల మీద పడి ఉన్న స్పానరు తీసుకుని పాత చక్రాన్ని తట్టింది. ఖంగుమంది. కొత్తదాన్ని తట్టింది. టప్. తల వంచి, చెవి దగ్గర పెట్టి, మళ్లీ తట్టింది.

"ఇది సచ్చిన గంటప్పా" అంది.

నేను బోల్టు వైపు చూస్తున్నాను.

"బిగించేటప్పుడు నువ్వు మోగించి సూల్లేదా?"

"లేదక్కా" అన్నాను.

ఆమె స్పానరు నేల మీద పెట్టింది. తిడుతుందనుకున్నాను. దుమ్మెత్తి పోస్తుందనుకున్నాను. పోసినా బాగుండేది.

"నాకు సదువు రాదు" అంది. "యాడ సూపిస్తే ఆడ ఏలిముద్ర ఏసినా, నా తోడబుట్టినోని మీద. నువ్వు సదువుకున్నోడివి గదప్పా. సదివే పెట్టినావు గదా సంతకం?"

సోమవారం కోర్టులో రంగయ్య కేసుకు నా సాక్ష్యం. సమన్లు నా జేబులోనే ఉన్నాయి. ఏం చెప్పాలో మద్దిలేటి పొద్దున్నే ఫోను చేసి గుర్తు చేశాడు.

నాగులమ్మ స్పానరు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"బిగించు" అంది.

బిగించాను.