తెల్ల బోటు ఏర్పాట్లు

బోటులో ఆమె కడుగుతున్నది అప్పటికి మూడో బాత్రూం. ముక్కుకు గుడ్డ కట్టుకుని, నేల మీద మోకాళ్ళు వేసి, పాలరాతి పలకల సందుల్లో బ్రష్షు పెట్టి తోముతోంది. ఎంత తోమినా వాసన పోవడం లేదు. వాసన పలకల్లో ఉంటే కదా పోవడానికి! పడవ అడుగున ఉన్న ట్యాంకు నిండిపోయి గొట్టాల్లోంచి పైకి తన్నుకొస్తోంది. కిందటి వారం అద్దెకు తీసుకున్నవాళ్ళు తిని, తాగి, కక్కి, వదిలిపోయినదంతా ఆ ట్యాంకులోనే ఉంది.

"వదినా, అయిందా? మేడం కారు రేవు దగ్గరికి వచ్చేసింది!" అని పైనుంచి వంటవాడు కేకేశాడు.

వంటవాడికి ఆమె ఏ వరసా కాదు. ఇంజను చూసే మెకానిక్కు ఆమెకు సొంత మరిది. అతను వదినా వదినా అని పిలుస్తుంటే బోటు మీద పనిచేసే అందరికీ ఆమె వదిన అయిపోయింది. ఆమెకంటే ఇరవయ్యేళ్ళు పెద్దవాడు, బోటు నడిపే సరంగు కూడా అలాగే పిలుస్తాడు.

"కడగటం అయింది. వాసన మటుకు నా చేతుల్లో లేదు," అంది.

"సెంటు కొట్టెయ్."

కొట్టింది. మల్లెపూల సెంటూ, దాని కింద పెంట వాసనా కలిసి ఇంకా రోతగా తయారైంది.

ఆ తెల్ల బోటును మూడు రోజులకు మాట్లాడుకున్నది ఒక సిమెంటు ఫ్యాక్టరీ ఆసామి. భార్య యాభయ్యో పుట్టినరోజు సముద్రం మీద చెయ్యాలని ఆయన ముచ్చట. బంధువులూ స్నేహితులూ కలిసి పధ్నాలుగు మంది వస్తారు. అద్దె ఎంతో వదినకు తెలియదు. ఒక పూట ఇంజన్లు తిరిగితే కాలే డీజిలు ఖరీదు తన నెల జీతం కంటే ఎక్కువని మాత్రం మరిది చెప్పగా విన్నది. ఏర్పాట్లన్నీ దగ్గరుండి చూడటానికి ఆసామి ఒక అమ్మాయిని పెట్టుకున్నాడు. మేడం అంటే ఆ అమ్మాయే.

మేడం ముప్పై దాటని మనిషి. ఎవరి మీదా గొంతు లేపదు. మంచినీళ్ళిచ్చిన వంటవాడికి కూడా థాంక్స్ చెప్పింది. పై అంతస్తులో బల్ల మీద తీరం పటం పరిచి, బోటు మేనేజరు ఒక పక్కా ఆమె ఒక పక్కా కూర్చున్నారు. వదిన వాళ్ళ వెనకే అద్దాలు తుడుస్తోంది.

"మొదటి రోజు లంగరు ఎక్కడ?" అని అడిగింది మేడం.

"ఈ పాయలోనే. అల అనేదే ఉండదు. పెద్దవాళ్ళకి తల తిరగదు, గ్లాసులో జ్యూసు కూడా కదలదు."

"ఈత కూడా ఇక్కడేనా?"

"ఈతకి వద్దు మేడం. ఆ కొండ అవతల ఇసుక ఒడ్డుంది, అక్కడికి తీసుకెళ్దాం. నీళ్ళు తేటగా ఉంటాయి."

"ఇక్కడా తేటగానే ఉన్నాయిగా?"

"చూట్టానికి," అని మేనేజరు నవ్వాడు.

గాలి తిరిగింది. మేడం ముక్కు చిట్లించి, "ఏంటండీ ఈ వాసన?" అంది.

మేనేజరు క్షణం కూడా తడుముకోలేదు. ఒడ్డువైపు చెయ్యి చూపించాడు. "ఇంకెవరు మేడం, వాళ్ళే. ఆల్చిప్పలు తీసేవాళ్ళు. ఆ చిప్పలన్నీ ఒడ్డున కుప్పలు పోస్తారు. ఎన్నిసార్లు చెప్పినా వినరు."

పాయలో పదిమంది ఆడవాళ్ళు నడుముల్లోతు నీళ్ళల్లో నిలబడి ఉన్నారు. బురదలో పాదాలతో వెతికి, తగలగానే వంగి చేత్తో తీసి, నడుముకు కట్టిన బుట్టలో వేస్తున్నారు. పసుపు తలగుడ్డ చుట్టుకున్నామె వదిన అత్తగారు. పెళ్ళయిన నాటి నుంచీ ఆవిడ పగళ్ళన్నీ ఆ నీళ్ళలోనే గడిచాయి. వదిన చేతిలో గుడ్డ ఒకసారి ఆగి మళ్ళీ కదిలింది. మేనేజరు అబద్ధాలాడటం ఆమెకు కొత్తేం కాదు.

"మీవాళ్ళున్న మూడు రోజులూ వాళ్ళని రానివ్వం లెండి," అన్నాడు మేనేజరు.

"అయ్యో, ఎందుకూ? చూట్టానికి బాగున్నారు. ఒకళ్ళిద్దర్ని ఉంచండి. కాస్త శుభ్రంగా, మంచి రంగు బట్టల్లో. పొద్దున కాఫీ తాగేటప్పుడు ఎదురుగా అలా తీస్తుంటే ఫొటోలు బాగా వస్తాయి. మిగతావాళ్ళు అక్కర్లేదు."

"మా వదిన అత్తగారే ఉంది మేడం. చూద్దురుగాని." మేనేజరు వంటవాడికి సైగ చేశాడు. వంటవాడు రెయిలింగు దగ్గర నిలబడి పసుపు తలగుడ్డ వైపు చెయ్యి ఊపి కేకేశాడు. తిరిగొస్తూ హుషారుగా, "అయితే మొదటి రోజు భోజనంలోకి ఆ ఆల్చిప్పలే పెడదామండీ. కళ్ళెదుట తీసినవి, వేడివేడిగా," అన్నాడు.

"భలే ఐడియా!" అంది మేడం.

"వద్దొద్దు," అన్నాడు మేనేజరు. "తియ్యటం మటుకు చూస్తారు. తినేవి వేరే రేవు నుంచి ఐసుపెట్టెలో తెప్పిస్తా."

"ఇక్కడివి తింటే ఏమవుతుంది?"

మేనేజరు గొంతు తగ్గించాడు. వదినను చూసి మాత్రం కాదు. ఆమె అక్కడ ఉన్న సంగతే అతనికి పట్టలేదు. "ట్యాంకు ఖాళీ చేసేది ఈ పాయలోనే కదా మేడం. డ్రైనేజీ లారీని పిలిస్తే వాడు దోచేస్తాడు. నడిసముద్రం దాకా పోయి వదలాలంటే డీజిలు. మనమొక్కళ్ళమే కాదు, ఈ తీరంలో తిరిగే షోకు పడవలన్నిటిదీ ఇదే దారి."

"ఛీ!" మేడం మొహం ముడుచుకుంది. "తిండి సంగతి మాట్లాడుకునేటప్పుడా ఈ మాటలు?" అని పెన్సిలు తీసి పటం మీద రెండు సున్నాలు చుట్టింది. "సరే. లంగరు ఇక్కడ, ఈత అక్కడ. తిండి బయటిది. ఇక కేకు సంగతి చూద్దాం."

ఆమె అసహ్యం అంతటితో తీరిపోయింది.

వదిన గుడ్డ అక్కడే వదిలేసి ఇంజను గదిలోకి దిగింది. మరిది నూనె చేతులతో ఏదో బిగిస్తున్నాడు.

"ట్యాంకు ఎక్కడ వదులుతున్నావు?"

అతను తలెత్తలేదు.

"నడిసముద్రంలో అన్నావు నాతో."

"సరంగు తిప్పమన్నప్పుడు ట్యాంకు వాల్వు తిప్పుతా వదినా. ఆటు మొదలవగానే వదిలితే, తీసే నీళ్ళతో పాటు అదీ సముద్రంలోకి పోతుందన్నారు."

"మరి పోటుకి తిరిగి వచ్చేదేంటి?"

అతను బిగించిందే మళ్ళీ బిగించాడు. అతని మొహం చూస్తుంటే ఆమెకు ఒక్కొక్కటే తట్టసాగింది. ఏడాదిగా ఇతను ఆల్చిప్పల కూర ముట్టడం లేదు. ఒళ్ళు దురదలన్నాడు. "పెద్ద బోటెక్కాడుగా, మన కూర ఇంకేం రుచిస్తుంది!" అని అత్త అందరి ముందూ ఆట పట్టించింది కూడా.

"నువ్వు తినటం మానేసింది ఇందుకా?"

"నా పిల్లలకీ పెట్టనివ్వలేదు వదినా," అన్నాడు, అదేదో తన మంచితనం అన్నట్టు. అన్నాక ఆ మాట ఎలా వినబడిందో అతనికే తెలిసింది.

"మరి నా పిల్లలో?"

అన్నదమ్ములవి ఒకే వరసలో పక్కపక్క వాటాలు. రెండు పొయ్యిలకూ గోడ ఒక్కటే.

"చెప్తే ఏమవుతుంది వదినా? అమ్మ ఆ పని మానేస్తుందా? మానేస్తే ఏం తింటుంది? నా ఉద్యోగం పోవటం తప్ప..."

వదినకు అతణ్ణి కొట్టాలనిపించింది. కొట్టడానికి కూడా ముట్టుకోబుద్ధి కాలేదు. కిందటి వానల్లో పేటంతా వాంతులు, విరేచనాలు. పక్కింటి బాలింత మూడో రోజుకే పోయింది. పాపం బావి నీళ్ళదేనని అందరూ అనుకున్నారు. ఆరోగ్యశాఖ వాళ్ళొచ్చి బావిలో తెల్ల పొడి చల్లి, మూత వేసి వెళ్ళారు.

ఆమె పైకి వచ్చేసరికి అత్తగారు బోటెక్కి ఉంది. తెల్లటి చెక్కనేల మీద ఆవిడ నడిచిన మేరా బురద అడుగులు. చంకలో బుట్ట, దాన్నిండా ఆల్చిప్పలు.

"ఉత్త చేతుల్తో ఎలా వస్తాం బాబూ? ఇప్పుడే తీశా. అమ్మగారికి వండి పెట్టండి, డబ్బులేం వద్దు," అంటూ ఆవిడ బుట్ట ముందుకు చాపింది.

మేనేజరు చటుక్కున రెండడుగులు వెనక్కి వేశాడు. మేడం మటుకు బట్టల కొట్లో ధర చీటీ చూసినట్టు ఆవిడను కిందికీ మీదికీ చూసింది. మోకాళ్ళ కింద ఎర్రటి పుళ్ళ దగ్గర చూపు ఆగింది.

"నవ్వు చాలా బాగుంది. కాళ్ళు కనపడకుండా పొడుగు బట్ట ఏదైనా వేయించండి," అంది మేనేజరుతో.

అత్తగారు సిగ్గుపడి కాళ్ళు దగ్గరికి తీసుకుంది. బుట్ట ఇంకా చాపే ఉంది.

"వదినా, అది తీసి అవతల పెట్టు," అన్నాడు మేనేజరు. "ఇంటికి పట్టుకెళ్ళి మీరు వండుకోండి."

"ఎందుకు సార్? మీరు ఇవి ఎందుకు తినరో మా అత్తకి చెప్పండి," అంది వదిన.

"ఏంటా మాటలు?"

"ఇందాక మేడంకి చెప్పారుగా. అదే మా అత్తక్కూడా చెప్పండి."

మేనేజరు మొహం పక్కకు తిప్పుకున్నాడు. మేడం ఫోను తీసి దానివైపు చూసుకుంటోంది. చివరికి వదినే చెప్పింది. తను పొద్దుట్నుంచి కడిగినదేమిటో, అది ఎక్కడికి పోతోందో, ఎవరు వదులుతున్నారో, అన్నీ మామూలు గొంతుతోనే చెప్పింది.

అత్తగారు బుట్ట దించి, అరచేతులు వాసన చూసుకుంది. మెట్ల దగ్గరికి వచ్చి నిలబడ్డ చిన్నకొడుకు వైపు తిరిగింది.

"నీకు తెలుసా?"

అతను ఇంజను గదిలోకి చూస్తూ నిలబడ్డాడు.

"పక్కింటి పిల్లకి నేనే వండి పట్టుకెళ్ళానురా. పచ్చి బాలింత, ఒంట్లో బలం లేదని. వద్దన్నా వినకుండా దగ్గర కూర్చుని తినిపించాను," అంది ఆవిడ. ఉన్నచోటే నేల మీద కూలబడింది. బట్టల్లోంచి నీళ్ళు కారి బురద మరింత పారింది.

"నాకు ఇంకో మీటింగుంది," అని మేడం లేచి, బురద తగలకుండా మునివేళ్ళ మీద నడిచి దిగిపోయింది. మేనేజరు ఆమె వెనకే నాలుగడుగులు పరిగెత్తి, "ఆవిడ కాకపోతే ఇంకొకళ్ళు దొరుకుతారు మేడం!" అని అరిచి తిరిగొచ్చాడు.

పైనుంచి సరంగు కేకేశాడు. "ఆటు మొదలైంది. వదిలితే ఇప్పుడే వదలాలి!"

"వెళ్ళి తిప్పు," అన్నాడు మేనేజరు మెకానిక్కుతో. వదిన వైపు తిరిగి, "నువ్వా బురద తుడువు. మీ అత్తని దింపు. నీ సంగతి తర్వాత చూస్తా," అన్నాడు.

వదిన అత్తగారి పక్కన కూర్చుంది.

"తుడవను," అంది.

ఈ బోటు మీద పనిచేస్తున్న ఏడేళ్ళలో ఆమె నోట ఆ మాట రావడం అదే మొదలు. మేనేజరుకు తను సరిగ్గా విన్నాడో లేదో అర్థం కాలేదు.

"ఏంటీ?"

"తుడవనండి."

మెకానిక్కు పై మెట్టు మీద ఒక కాలు వేసి ఆగాడు. తల్లి అతని వైపు చూడటం లేదు. అతను కిందికి దిగలేదు, వెనక్కీ రాలేదు. పాయలో ఎవరో ఏదో హాస్యమాడినట్టుంది, ఆడవాళ్ళందరూ పగలబడి నవ్వుతున్నారు. నీళ్ళు వాళ్ళ నడుముల నుంచి నెమ్మదిగా కిందికి దిగుతున్నాయి.