ఒక్కరికే చెప్పిన మాట

లిఫ్టు మధ్యలో ఆగిపోయి, లైటు కూడా ఆరిపోతే, లోపల ఇరుక్కున్న మనిషికి ముందుగా వినిపించేది అక్క గొంతు. లిఫ్టులు బిగించి, వాటి మంచిచెడ్డలు చూసుకునే ఆ కంపెనీలో ఫోనెత్తే సీట్లు రెండు. ఒకటి అక్కది, రెండోది పిచ్చుకది. మెకానిక్కు వెళ్ళి తలుపు తెరిచేదాకా లోపలున్నవాళ్ళను మాటల్లో పెట్టడమే వాళ్ళ పని. అందులో అక్క చెయ్యి తిరిగిన మనిషి. పిల్లలెంతమంది, ఏం చదువుతున్నారు, మోకాళ్ళ నొప్పికి ఏం మందు వాడుతున్నారు అంటూ మొదలుపెట్టిందంటే, బయటికొచ్చే వేళకు వాళ్ళ ఇంటి గుట్టంతా ఆవిడ చెవిలో ఉండేది. ఎదుటివాళ్ళ సంగతులు తెలుసుకోవడం వాళ్ళకు మేలు చేయడమేనని ఏళ్ళ తరబడి నమ్ముతూ వచ్చింది పాపం.

పిచ్చుక అన్నది పెట్టిన పేరే. గలగలా మాట్లాడుతుందని మెకానిక్కులు అలా పిలిచేవాళ్ళు. ఆఫీసులో అందరి కబుర్లూ చెప్పే ఆ పిల్ల తన సంగతి మాత్రం పెదవి దాటనిచ్చేది కాదు. పెళ్ళై చాలా కాలమైంది. పిల్లల ఊసు ఎవరైనా ఎత్తితే నవ్వేసి ఫోనెత్తేది, మోగకపోయినా సరే.

ఒకరోజు పిచ్చుక సెలవు పెట్టింది. పొద్దున్నే అక్కకు ఫోను చేసింది.

"అక్కా, రేపు ఏ మెకానిక్కు ఎక్కడికెళ్ళాలో రాసిన షీటు నా కంప్యూటర్లోనే ఉండిపోయింది. పాస్‌వర్డ్ చెప్తాను, కాస్త ప్రింటు తీసి పెట్టవా?"

"దానికేం భాగ్యం! చెప్పు."

షీటు దొరికింది. ప్రింటూ తీసింది. ఇక మూసేయడమే తరువాయి అనగా తెర మూలన పిచ్చుక సొంత మెయిలు ఒకటి తొంగిచూసింది. ఏదో ప్రసూతి ఆసుపత్రి పేరు. మొదటి స్కానుకు రమ్మని తేదీ. కంట పడడం ఎవరి తప్పూ కాదు. అక్కడితో ఆగొచ్చు కదా! ఆగలేదు మహాతల్లి. దాన్ని నొక్కి, తెరిచి, కళ్ళజోడు సవరించుకుని, చివరి అక్షరం దాకా చదివింది.

చదివి ఏడ్చింది. సంతోషంతోనే. తన సొంత చెల్లెలి కబురైనా అంత సంబరపడేది కాదేమో. ఆ సంబరం కడుపులో ఇమడలేదు. మధ్యాహ్నం టీ తాగుతూ అకౌంటెంటు గారి చెవిన వేసింది.

"మీ ఒక్కరికే చెప్తున్నా. పొరపాటున కూడా మీ నోటినుంచి బయటికి రాకూడదు."

"అయ్యో, నేనేమైనా పరాయివాణ్ణా అమ్మా!" అన్నాడాయన.

పరాయివాడు కాడు కాబట్టే తన భార్యకు చెప్పాడు, స్టోర్సు అతనికీ చెప్పాడు. వాళ్ళకూ అయినవాళ్ళున్నారు. వారం తిరక్కుండా మేనేజరు నుంచి మెకానిక్కుల దాకా అందరికీ తెలిసిపోయింది. తెలిసినట్టు ఒక్కరూ బయటపడలేదు, అదొక్కటే మెచ్చుకోవాలి. ఎవరో పిచ్చుక కుర్చీలో మెత్తటి దిండు పెట్టారు. ఎవరో బరువు ఫైళ్ళు ఎత్తనివ్వలేదు.

"ఏంటక్కా, అందరూ నన్ను ముద్దు చేస్తున్నారు? ఉద్యోగం నుంచి తీసేస్తున్నారా ఏం?" అని నవ్వింది పిచ్చుక.

"నోర్ముయ్యవే" అంది అక్క, చీర కొంగుతో నవ్వు దాచుకుంటూ.

తర్వాత పిచ్చుక నాలుగైదు రోజులు రాలేదు. జ్వరమని కబురు పెట్టింది. జ్వరమట, అని అంతా ముసిముసిగా నవ్వుకున్నారు. అకౌంటెంటు గారి భార్య ఆ రోజులన్నీ ఊలు అల్లుతూ కూర్చుంది.

తిరిగొచ్చిన రోజు పిచ్చుక కీబోర్డు మీద పసిపిల్లల మేజోళ్ళు ఉన్నాయి. బొటనవేలంత. లేత పసుపు. వెనక అకౌంటెంటు గారు, స్టోర్సు అతను, ఇద్దరు మెకానిక్కులు నవ్వుముఖాలతో నిలబడ్డారు.

"ఇంకెన్నాళ్ళు దాస్తావమ్మా?" అన్నాడు అకౌంటెంటు గారు.

పిచ్చుక ముఖంలో నెత్తురు చుక్క లేదు. మేజోళ్ళ వంక చూసింది, వాళ్ళ వంక చూసింది. అక్కకు ఆ చూపులోనే అర్థమైపోయింది. అంతలో ఫోను మోగింది. ఎవరో ముసలాయన, లిఫ్టులో ఒక్కడే. అక్క చెయ్యి చాచేలోగా పిచ్చుకే ఎత్తింది.

"భయపడకండి తాతగారూ. మావాడు బయల్దేరాడు. నేను మాట్లాడుతూనే ఉంటాను."

తలుపు తెరుచుకునేదాకా మాట్లాడింది. గొంతు ఎక్కడా వణకలేదు. కన్నీళ్ళు మాత్రం ధారగా కారుతూనే ఉన్నాయి. ఆ నవ్వుముఖాలు ఒక్కొక్కటే నేల చూపులు చూస్తూ వెళ్ళిపోయాయి. ఏమైందో అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఫోను పెట్టేసి పిచ్చుక అడిగింది. "ఎలా తెలిసిందక్కా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. ఆసుపత్రిలో ఎవరో చూశారనొచ్చు. ఆ పిల్ల నమ్మేది కూడా.

"నేనే చదివానే. ఆ రోజు ప్రింటు తీస్తూ, నీ మెయిలు తెరిచాను. అకౌంటెంటు గారొక్కరికే చెప్పాను."

పిచ్చుక అరవలేదు. అరిచినా బాగుండేదని అక్కకు ఇప్పటికీ అనిపిస్తుంది.

"స్కాన్లో గుండె కొట్టుకోవడం లేదన్నారక్కా. మా అమ్మకు కూడా చెప్పలేదు. ఎందుకు దాచుకున్నానో తెలుసా? ఇదివరకు రెండుసార్లు ఇలాగే అయింది. అప్పుడు అందరికీ ముందే చెప్పేశాను. తర్వాత ఒక్కొక్కళ్ళూ ఎన్నో నెల అని అడుగుతుంటే, లేదు, పోయిందని చెప్పుకుంటూ తిరిగాను. చెప్పిన ప్రతిసారీ మళ్ళీ పోయినట్టే ఉండేది. ఎవరికీ తెలియకపోతే ఎవరికీ చెప్పక్కర్లేదు కదా. ఈసారి ఒక మూల కూర్చుని ఏడ్చేసి, పనిలో పడదామనుకున్నాను."

చీకట్లో ఇరుక్కున్న ఎంతమందినో ఊరడించిన అక్క నోటికి ఒక్క మాట దొరకలేదు. తను చేసిందేమిటో అప్పుడు తెలిసింది. ఆ పిల్ల ఏడ్చుకోవడానికి ఉంచుకున్న ఆ ఒక్క మూలా తను పదిమందికి తెరిచి పెట్టింది. చివరికి ఎలాగో కూడదీసుకుంది.

"నువ్వు కూర్చో తల్లీ. అందరికీ నేను వెళ్ళి చెప్తాను. నిన్నెవరూ ఏమీ అడగకుండా చూస్తాను."

"వద్దక్కా" అంది పిచ్చుక, మేజోళ్ళు చేతిలోకి తీసుకుని లేస్తూ. "ఉందన్న మాట నువ్వు చెప్పేశావు. లేదన్న మాటైనా నన్ను చెప్పుకోనీ."

లేచిన మనిషి మళ్ళీ వంగి, తను వచ్చేదాకా ఎవరూ చూడకుండా కంప్యూటర్ తెర లాక్ చేసింది. అక్క పక్కనే కూర్చుని ఉండగానే. తర్వాత అకౌంటెంటు గారి బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడింది. ఏమందో వినపడలేదు. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడడం, రెండు చేతులతో ముఖం కప్పుకోవడం కనిపించింది. పిచ్చుక అక్కణ్ణించి స్టోర్సు వైపు నడిచింది.