గులాబి ఊలు ముక్క

పిట్ట తన వీపు అమ్మమ్మకు తప్ప ఎవరికీ చూపించదు, కన్నతల్లికి కూడా. ఏడేళ్ల పిల్ల, పిడికెడంత ఉంటుంది గానీ పంతానికి దిగిందంటే ఆ ఇంట్లో ఎవరి పప్పులూ ఉడకవు. నిజానికి ఆ వీపు దరిదాపులకు రానివ్వకూడని మనిషి ఎవరైనా ఉంటే అది అమ్మమ్మే. నిరుడు పొయ్యి మీంచి మరిగే నీళ్ల గిన్నె దించింది ఆవిడే, వెనకే పరిగెత్తుకొచ్చిన పిల్లను చూసుకోకుండా గిర్రున తిరిగిందీ ఆవిడే. మెడ కింద నుంచి చంక దాకా కాలిపోయింది. కూతురు తల్లిని పల్లెత్తు మాట అనలేదు. నాలుగు తిట్టి ఉంటే బాగుండేదని అమ్మమ్మ ఇప్పటికీ కుమిలిపోతూనే ఉంటుంది.

పుండు మానింది కానీ చర్మం గట్టిపడి ముడతలు తేలింది. కట్లు కట్టే నర్సు మొహమాటపడకుండా చెప్పేసింది.

"రెండు పూటలా మందు రాసి, బాగా ఒత్తి మర్దనా చెయ్యాలమ్మా. మానేశారనుకోండి, చర్మం బిగుసుకుపోయి చెయ్యి పైకి లేవదు. పెరిగే పిల్ల. తర్వాత నెత్తీ నోరూ బాదుకున్నా లాభం లేదు."

అందుకని రోజూ గది తలుపు గడియ పెట్టుకుని ఇద్దరూ కూర్చుంటారు. అమ్మమ్మ బొటనవేలు రైలు. భుజం మీది గట్టెక్కి, బుడిపెల మీదుగా కుదుపులతో దిగి, నడిమధ్య కాలకుండా మిగిలిన గుండీ అంత నున్నటి చోటికి చేరుతుంది.

"స్టేషనొచ్చింది, దిగేవాళ్లు దిగండహో!"

నొప్పికి కళ్లలో నీళ్లు తిరుగుతున్నా పిట్ట కిసుక్కున నవ్వుతుంది. ఆ నవ్వు కోసమే అమ్మమ్మ బతుకుతోందంటే అబద్ధం కాదు.

"ఇక్కడ స్టేషనుందని ఎవరికీ చెప్పకేం?"

"చెప్తే ఒట్టు. నా నోరు దాటదు."

నోరు దాటలేదు. ఆ మాట మాత్రం అమ్మమ్మ నిలబెట్టుకుంది.

వీధి చివర ఊలుకొట్టు ఉంది. మధ్యాహ్నాలు అమ్మమ్మతో సహా నలుగురు ఆడవాళ్లు అక్కడ చేరి క్రోషే అల్లుతూ ఊళ్లో వాళ్లందరినీ అల్లుతుంటారు. ఒకరోజు కొట్టావిడకు ఒక ఆలోచన వచ్చింది. మనవడో మనవరాలో గుర్తొచ్చేలా తలా ఒక చదరపు ముక్క అల్లుకొస్తే, అన్నీ కలిపి కుట్టి కొట్టు గోడకు వేలాడదీస్తానంది. ఒకావిడ పిల్లి మొహం అల్లింది. ఇంకొకావిడ మనవడి బొద్దు బుగ్గలంటూ రెండు ఉండలు అతికించుకొచ్చింది. అవి బుగ్గలో బన్నులో ఆ దేవుడికే తెలియాలి.

అమ్మమ్మకు ఏమీ తోచలేదు. పిట్ట కదా అని పిట్టనే మొదలుపెడితే అది బాతై కూర్చుంది. విప్పేసింది. చివరికి లేత గులాబి ఊలు తీసుకుని, సూది పట్టుకుని, పని చేతులకు వదిలేసింది. కళ్లు కిటికీలోంచి పిట్ట బడి నుంచి వచ్చే దారి మీద ఉన్నాయి. చేతులు ఒక గట్టు లేపాయి, దాని పక్కన వంకరగా ఇంకోటి. ఒకే కంతలో నాలుగైదు కుట్లు కుక్కి బుడిపెలు తేల్చాయి. మధ్యలో కాస్త జాగా నున్నగా వదిలేశాయి. అయిపోయాక చూసుకుంటే వానకు తడిసి ఎండిన నేలలా ముచ్చటగా అనిపించింది. అంతకు మించి ఆవిడ ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే ఈ కథే లేదు.

కొట్టావిడ ఆ ముక్కను ఆకాశానికెత్తేసింది. "ఈ చెయ్యికి దణ్ణం పెట్టాలి పిన్నిగారూ! ఎక్కడ నేర్చారు ఈ డిజైను?" అని దాన్ని సరిగ్గా నడిమధ్య పెట్టి కుట్టింది. పక్కనే ఒక అట్టముక్క తగిలించింది: ముట్టుకుని చూడండి.

మర్నాడే అమ్మమ్మ మనవరాలి చెయ్యి పట్టుకుని బయల్దేరింది. పిట్ట దారంతా గంతులే.

"నాది ఎట్లా ఉంటుంది? పిట్టలాగా ఉంటుందా?"

"చూద్దువుగా, కాస్త ఓపిక పట్టు."

కొట్లో గోడ దగ్గర ఎవరో ఒకావిడ నిలబడి ఆ గులాబి ముక్కను వేళ్లతో తడుముతోంది. "భలే గరుకుగా ఉందే," అని నవ్వి పక్కామెను కూడా తడమమంది. వాళ్లు తప్పుకున్నాక పిట్ట వెళ్లి చెయ్యి పెట్టింది. గట్టు ఎక్కింది, బుడిపెలు దిగింది, మధ్యలో నున్నటి చోట వేలు ఆగిపోయింది. రెండో చెయ్యి మెల్లగా గౌను మెడలోంచి వెనక్కి దూర్చుకుంది.

"స్టేషన్," అంది, వినీ వినబడనట్టు.

అప్పుడు కనిపించింది అమ్మమ్మకు, తానేం అల్లిందో. ఏ గట్టు ఎంత వంకరో, ఏ బుడిపె పక్కన ఏ బుడిపో, పొల్లుపోకుండా మనవరాలి వీపు అక్కడ గోడకు వేలాడుతోంది.

"నాకు తెలీదే తల్లీ, తెలిసి చెయ్యలేదే," అంది. పిట్ట ఏడవలేదు. కొట్లో ఉన్న ఒక్కొక్కరి చేతుల వంకా చూసింది. తర్వాత గోడకు వీపు ఆనించి, పక్కకు పక్కకు జరుగుతూ బయటికి నడిచింది.

అమ్మమ్మ కత్తెర అడిగి తీసుకుని ఆ ముక్కను కోసేసింది. పిన్నిగారికి మతిపోయిందేమోనని కొట్టావిడ నోరెళ్లబెట్టి చూస్తుండగానే పరుగులాంటి నడకతో ఇంటికొచ్చింది. పిట్ట ముందు కూర్చుని ముక్కంతా విప్పి కుప్పపోసింది.

"ఇదిగో, లేదిక. పోయింది. రా బంగారం, మందు రాస్తాను."

"వద్దు."

"నా మీద కోపమైతే నన్ను కొట్టవే. మందు మాత్రం మానకే."

పిట్ట అమ్మమ్మ చేతులను చూసింది, వాటిని కొత్తగా చూస్తున్నట్టు.

"నువ్వు చెప్పవు అమ్మమ్మా. నీ చేతులు చెప్పేస్తాయి."

ఆ తర్వాత ఆ గది గడియ పడలేదు. కూతురు బతిమాలింది, బొమ్మలు కొనిచ్చింది, ఒక రోజు బలవంతాన పట్టుకుంటే పిల్ల ఆమె మణికట్టు కొరికేసింది. నర్సు ఇంటికొస్తే మంచం కిందికి దూరింది. అమ్మమ్మ తలుపు బయట కూర్చుని ఏడ్చింది, బతిమాలింది, ఏడవడానికి కూడా ఓపిక లేక ఊరుకుంది. ఒకసారి ఈ చేతులతోనే కాల్చింది, రెండోసారీ ఈ చేతులతోనే. ఇంకా ఎందుకు బతికి ఉన్నానా అని ఆవిడ అన్నం ముందు కూర్చుని అనుకునేది. సూదులన్నీ ఎవరికో ఇచ్చేసింది. చేతులను ఎవరికీ ఇవ్వలేదు కదా!

చలికాలం వెళ్లేసరికి, ఒక పొద్దున, బడికి వేళవుతుంటే పిట్ట అద్దం ముందు నిలబడింది. తల దువ్వుతాననడానికి అమ్మమ్మకు ధైర్యం చాలక గుమ్మం దగ్గరే ఆగిపోయింది. పిట్ట దువ్వెన తీసుకుని చెయ్యెత్తింది. చెయ్యి భుజం దాకా వచ్చి ఆగింది. ఇంకాస్త ఎత్తబోయింది, లేవలేదు. అమ్మా అనలేదు, ఎవరినీ పిలవలేదు. ఒంగి, తలను చెయ్యి దగ్గరికి దించుకుని, జుట్టు దువ్వుకుంది.