ఆరోసారి ‘అ’

ఒక పిల్ల ఒకే అక్షరాన్ని ఎన్నిసార్లు నేర్చుకోవాలి?

టీచరమ్మ ఈ ప్రశ్న వేసి ఏడాది కావస్తోంది. ఇంతవరకూ ఎవరూ జవాబు చెప్పలేదు.

ముప్పై నాలుగేళ్ళు ఒకటో తరగతికి చెప్పి రిటైరైన మనిషి ఆవిడ. పరాయి దేశానికి కట్టడం పనులకు వెళ్ళిన మనవాళ్ళ పిల్లల కోసం అక్కడొక సేవాకేంద్రం ఉంది. నడిపేది ఒకప్పుడు ఆవిడ చేయిపట్టి దిద్దించిన శిష్యుడే. “ఆరు వారాలు వచ్చి వెళ్ళండి టీచర్, మీ చేతి చలవ వేరు” అని పిలిస్తే కాదనలేక వెళ్ళింది.

అక్కడ ఎనిమిదేళ్ళ పిల్ల ఒకతె ఆవిడ వాటాకు వచ్చింది. నోరు మూతపడదు కనుక అందరూ వసపిట్ట అనేవారు. మొదటిరోజు ‘అ’ రాయమంటే సున్నా చుట్టి ఆగిపోయింది. ఆరోవారానికి కథల పుస్తకం గడగడా చదివేసింది. అంత త్వరగా చదివిన పిల్లను టీచరమ్మ తన సర్వీసులో ఒక్కరినీ చూడలేదు. అనుమానించవలసింది. తన చలవే అనుకుంది. పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఏడ్చింది. ఎవరో ఫొటో తీశారు.

“అత్తయ్యా, పాలవాడికి కూడా చూపించేశారు. ఇక వీధిలో ఎవరూ మిగల్లేదు” అని ఇంటికి తిరిగొచ్చాక కోడలు ఆ ఫొటో గురించి ఆటపట్టించేది.

మరుసటి ఏడు ఆవిడ మూడో తరగతి వాచకం కొనుక్కుని తన ఆరువారాల సేవ వంతుకు వారం ముందే బయలుదేరింది. కేంద్రం ఉన్న వీధి చివరే మన భాషలో చెప్పే అసలు బడి ఉంది. వసపిట్టను అందులో చేర్చాలని ఆవిడ ఆశ. తల్లిదండ్రులు పని ఎక్కడుంటే అక్కడికి పోతారు. కాగితాల మీద పిల్లల బాధ్యత కేంద్రానిదే. “శుక్రవారం లోపల కేంద్రం సంతకం తెండి, మూడులో చేర్చుకుంటాం” అన్నారు బడివారు.

ఫారం పట్టుకుని కేంద్రం వరండా ఎక్కేసరికి కాలేజీ అమ్మాయిలిద్దరు చప్పట్లు కొడుతున్నారు. వాళ్ళ మధ్య వసపిట్ట నాలుక బయటపెట్టి, పలక మీద వంకరటింకరగా ‘అ’ దిద్దుతోంది.

కుళాయి దగ్గర పలక కడుగుతుంటే పట్టుకుంది టీచరమ్మ.

“ఏమే, నీకు చదవడం వచ్చుగా!”

“ష్, టీచర్! అక్కలు వింటారు. పాపం, వాళ్ళు ఈ ఒక్క వారానికే వచ్చారు.”

“నాకంటే ముందు ఎవరైనా నేర్పారా?”

వసపిట్ట తడిచేతి వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. “మీరు నాలుగోవాళ్ళు. ఈ అక్కలతో ఆరు. కానీ మీరే బాగా నేర్పారు టీచర్. మీరొక్కళ్ళే ఏడ్చారు.”

టీచరమ్మ ఫారం ఆ పిల్ల కళ్ళముందు పెట్టింది.

“బడికి వెళ్తావా?”

ఆ పిల్ల పలక కింద పెట్టేసింది. తరవాత మెల్లిగా అడిగింది. “అక్కడ తర్వాతి పాఠం చెప్తారా?”

ఆఫీసు గదిలో గుమ్మానికి ఎదురుగా టీచరమ్మ ఏడుస్తున్న ఫొటో, నిలువెత్తున. శిష్యుడు లేచి కుర్చీ జరిపాడు. ఆవిడ కూర్చోలేదు. ఫారం బల్లమీద పెట్టింది.

“సంతకం చెయ్యి.”

“అది వెళ్ళిపోతే ఎలా టీచర్? సేవకు వచ్చినవాళ్ళకి ఆరువారాల్లో ఏదో ఒకటి కనబడాలి. నిజంగా రాని పిల్లకి ఆర్నెల్లు పడుతుంది. అంత ఓపిక ఎవరికుంది చెప్పండి?”

“పిల్లచేత నాటకమాడిస్తావా? ఎవడు నేర్పాడ్రా నీకీ విద్య?”

“మీరే టీచర్.” అతడి గొంతులో వెటకారం లేదు. “ఇన్‌స్పెక్టర్ వస్తాడంటే వారం ముందునుంచీ ఒకే పాఠం చెప్పేవారు. ఆయన ముందు కొత్తగా విన్నట్టు ముఖం పెట్టమనేవారు. బాగా పెట్టానని నన్ను ముందు బల్లకి మార్చారు. మర్చిపోయారా?”

మర్చిపోలేదు. ఆ ముందు బల్ల, దాని మీద గర్వంగా కూర్చున్న ఈ ముఖం, రెండూ కళ్ళకు కట్టాయి.

“ఆ మర్నాడు నీకు తర్వాతి పాఠం చెప్పాన్రా” అంది. అన్నాక ఆ మాట తనకే చాలలేదు.

అతడు సంతకం చేయలేదు. శుక్రవారం గడిచిపోయింది.

సోమవారం ఆవిడ వంతు మొదలైంది. వసపిట్టను పలకతో సహా తెచ్చి ఎదురుగా కూర్చోబెట్టారు. టీచరమ్మ పలక పక్కకు నెట్టి మూడో తరగతి వాచకం చేతిలో పెట్టింది.

“చదువమ్మా.”

పిల్ల వాచకం తెరిచింది. పెదవులు కదిలాయి. అంతలో గుమ్మంలో నిలబడ్డ శిష్యుణ్ణి చూసింది. వాచకం మూసి జాగ్రత్తగా పక్కన పెట్టింది. పలక ఒళ్ళోకి తీసుకుని, సున్నా చుట్టి, ఆగిపోయింది.

ఆ బడిలో మళ్ళీ పిల్లలను చేర్చుకునే నెల దగ్గరపడింది. ఈసారి ఆ వరండాలోకి సేవకు వెళ్ళబోతున్నవారు ఇది చదువుతున్నవారిలోనే ఉన్నారు. వసపిట్ట మీకూ పలక అందిస్తుంది. పుచ్చుకోకండి. ఫారం పట్టుకుని ఆఫీసు గదిలోకి నడవండి. మీ కళ్ళముందు ఆ సంతకం పడేదాకా ఒక్క అక్షరం నేర్పకండి, ఒక్క ఫొటోకు నిలబడకండి.