అల్లుడు దించిన వెర్షన్

అల్లుణ్ణి ఏమీ అనకూడదట. ఇంటికొచ్చిన అల్లుడు ఏం చేసినా నవ్వుతూ చూడాలట, కోడిని కోసి పెట్టాలట, పోయేటప్పుడు కొత్త బట్టలు పెట్టి సాగనంపాలట. ఈ రివాజు పెట్టినవాడెవడో గానీ వాడికి కూతుళ్లు పుట్టి ఉండరు. పుట్టినా మా శివకుమార్ లాంటివాడు అల్లుడై ఉండడు.

నా పేరు గుర్వయ్య. ఆత్మకూరులో నన్ను ఎరగనివాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లు మొన్న మొన్న వచ్చినవాళ్లే. ఆటోకు మైకు కట్టుకుని చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగిన మనిషిని నేను. విత్తనాల దుకాణం తెరిచినా, కరెంటు బంద్ అయినా, కురుమూర్తి జాతరకు బస్సులు వేసినా చెప్పేది నేనే. నా గొంతు వినపడితే నాట్లేసే ఆడవాళ్లు నడుం లేపి చూసేవాళ్లు. సరిగ్గా ఆ గొంతులోనే గడ్డ లేచింది. గొంతుపెట్టె మొత్తం తీసేస్తే గానీ మనిషి దక్కడన్నారు హైదరాబాదు దవాఖానలో. తీసేశారు. ఇప్పుడు నా మెడకు రంధ్రం ఉంది. ఊపిరి అందులోంచే వస్తుంది, పోతుంది. మాట రాదు. తిట్టు కూడా రాదు, నాకు అసలు బాధ అదే.

ఆపరేషన్‌కు ముందు అక్కడ మాట నేర్పే మేడమ్ ఒకావిడ పుణ్యం కట్టుకుంది. వాళ్ల తమ్ముడు తయారుచేసిన యాప్ ఒకటి నా ఫోన్లో ఎక్కించి, "మీరు రోజూ మాట్లాడే మాటలన్నీ ఇందులో చెప్పి పెట్టుకోండి గుర్వయ్యగారూ. తర్వాత బటన్ నొక్కితే మీ గొంతే పలుకుతుంది" అంది. ఒక గదిలో నన్ను కూర్చోబెట్టి తలుపేసింది. మధ్యాహ్నం నుంచి పొద్దు గూకేదాకా చెప్తూనే ఉన్నాను. "బువ్వ పెట్టు", "చాయ్ పొయ్యి", "ఏంరా, బాగున్నవా?", "మెల్లగ నడుపు, చస్తవ్". తిట్లు మర్చిపోయేవాణ్ణి కాను కదా, అవీ చెప్పాను. "నీ జిమ్మడ", "దిమాక్ ఉన్నదా నీకు?", "సిగ్గు శరం లేదురా?" అని నేను అరుస్తుంటే తలుపు బయట నర్సులు ఒకటే నవ్వడం.

ఆ తర్వాత ఆ ఫోనే నా నోరు. చాయ్ హోటల్లో బటన్ నొక్కితే హోటలంతా నా గొంతు మోగేది. హోటల్ భిక్షపతి అయితే, "అన్నా, నీకంటె నీ ఫోనే నయం, జర ఆలోచించి తిడ్తాంది" అని ఎకసెక్కాలాడేవాడు. నేను వాడికి "నీ జిమ్మడ" నొక్కేవాణ్ణి. బతుకు నడిచిపోతూ ఉండింది.

శివకుమార్ హైదరాబాదులో ఏదో ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుంటాడు. ఫోన్లంటే పిచ్చి. కొత్త ఫోన్ కొన్నాడంటే ముందు దాని లోపలి తాళం తీస్తాడు, కంపెనీవాడు వద్దన్నవన్నీ అందులో ఎక్కిస్తాడు. దాన్ని రూట్ చేయడం అంటారట. ఒక వెర్షన్ ఎక్కిస్తాడు, నచ్చకపోతే దించుతాడు. మా బిడ్డ సుచరితకు ఫోన్ చేస్తే సగం సార్లు కలవదు. దాని ఫోన్‌ను కూడా వాడు ఎక్కించడమో దించడమో చేస్తూ ఉంటాడు మరి.

మొన్న దసరాకు ఇద్దరూ వచ్చారు. కాళ్లు కడుక్కుని చాయ్ తాగాడో లేదో, నా ఫోన్ చేతిలోకి తీసుకుని నాలుక చప్పరించాడు.

"గిదేంది మామా, ఇంక పాత వెర్షన్ మీదనే ఉన్నవ్? అప్‌డేట్ ఎన్నటి సందో వచ్చి పడి ఉన్నది."

ముట్టకు అని చెప్పడానికి నాకు ఒక బటన్ ఉంది. ఆ బటన్ వాడి చేతిలోని ఫోన్లో ఉంది. చూశారా నా గతి! నా నోరే వాడి చేతిలో ఉంటే వద్దని దేనితో చెప్పను? చెంబు తీసి బండల మీద టంగు టంగున కొట్టాను. నా భార్య సుగుణమ్మ వంటింట్లోంచి ఉరికొచ్చింది.

"అల్లుని ముంగట గా చప్పుడేంది? ఊకోరాదు!"

వాడు నొక్కేశాడు. ఫోన్ ఆరి, చాలాసేపటికి కొత్త రంగులతో వెలిగింది. గుంజుకుని నా యాప్ నొక్కాను. తెరుచుకోదే! ఇది పాత వెర్షన్‌ కోసం చేసిన యాప్, ఇందులో నడవదు అని ఒక ముక్క చూపించి మూసుకుంటుంది. ఎన్నిసార్లు నొక్కినా అదే ముక్క.

శివకుమార్ నవ్వాడు. "గంతేనా మామా? ఫికర్ చెయ్యకు. మళ్ల పాత వెర్షన్‌కు దించుత."

వాడి నవ్వుకు నా ఒళ్లు మండిపోయింది. ఫోన్ జేబులో వేసుకుని బస్టాండు పక్కన సుమన దుకాణానికి నడిచాను. వాడూ వెంటబడి వచ్చాడు. సుమన ఫోన్లు బాగుచేస్తుంది. నోటి విషయంలో ఊళ్లో నా తర్వాత ఆమే, ఇప్పుడు నేను లేను కాబట్టి ఆమే మొదలు. ఫోన్‌ను కంప్యూటర్‌కు తగిలించి చూసింది.

"కాకా, జర ఇను. నీ మాటలు యాడికి పోలే, లోపటనే ఉన్నయి. యాప్ తెరుస్తలేదు, గంతే. యాప్ చేసినాయన దాన్ని కొత్త వెర్షన్‌కు సరిపోయేటట్టు మార్చి పంపితె అన్ని ఎట్లున్నయో అట్లనే వస్తయి. గప్పటిదాక దీన్ని ఎవ్వరు ముట్టొద్దు."

"రూట్ చేసి లోపటి ఫోల్డర్ల నుంచి మాటలు కాపీ కొట్టుకోవచ్చు గద?" అన్నాడు మా ఘనుడు.

"రూట్ చెయ్యాల్నంటె ముందుగాల తాళం తియ్యాలె. తాళం తీస్తె ఫోన్ మొత్తం తుడుసుకపోతది. ఇంక కాపీ ఏం కొడ్తవన్నా, మన్నా?"

"పోనీ, కంపెనీ ఇచ్చిన పాత సాఫ్ట్‌వేర్, గదే ఫర్మ్‌వేర్, ఎక్కిస్తె?"

"గీ అప్‌డేట్‌తోని లోపటి నంబర్ పెరిగింది. గంతకంటె తక్కువ నంబర్‌ది ఎక్కిస్తమంటె ఫోన్ ఒప్పుకోదు. మొండికేసి కొడితె సచ్చిపోతది. ఏ మందు పడితె గా మందు కొట్టనీకి గిది పత్తిచేనా?"

దుకాణంలో నలుగురు ఉన్నారు. నలుగురూ నవ్వారు. శివకుమార్ మొహం మాడిపోయింది. ఇంటికి వచ్చే దారి పొడుగునా ఒకటే సణుగుడు: "గామెకేం తెలుసు మామా? నేను రోజు గివే సదువుత. గీ మోడల్‌కు వేరే దేశంల ఒక ఫర్మ్‌వేర్ ఇచ్చిండ్రు, గది దిగుతది." నేను జేబులో ఫోన్‌ను గట్టిగా పట్టుకుని నడిచాను.

సుచరిత ఆ మేడమ్‌కు ఫోన్ చేసింది. తమ్ముడు ఇప్పుడు వేరే కొలువులో ఉన్నాడు, అయినా యాప్ సరిచేసి పంపిస్తాడు, కొద్దిగా ఓపిక పట్టండి అందట. ఓపిక నా ఇంటా వంటా లేదు, అయినా పట్టాను. ఫోన్‌ను తువ్వాలలో చుట్టి సందుగలో పెట్టి, ఎవరికీ ఇవ్వొద్దని సుగుణమ్మకు చేతులతో చూపించాను. ఆమె తల ఊపింది.

మరునాడు చేనులో పల్లికాయ పీకుతుంటే చూసి రావడానికి పోయాను. తిరిగొచ్చేసరికి మంచం మీద అల్లుడు, ఒళ్లో ల్యాప్‌టాప్, దానికి తగిలించి నా ఫోన్. దాని మీద కంపెనీ పేరు వెలుగుతోంది, ఆరుతోంది, మళ్లీ వెలుగుతోంది. అంతకుమించి ముందుకు పోదు.

సుగుణమ్మ వైపు చూశాను. ఆమె కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"అల్లుడు నోరు తెరిచి అడిగిండు. మామకు మంచిగ చేసి చేతుల పెడ్త అన్నడు. కాదని ఎట్లంట? అల్లుడాయె."

అల్లుడాయె! ఈ ఒక్క మాటకు మా ఊళ్లలో ఎన్ని కొంపలు మునిగిపోయాయో. అల్లుడు అడిగితే పాలిచ్చే బర్రెను విప్పి ఇస్తారు. ఈమె మొగుడి నోరు తీసి ఇచ్చింది.

శివకుమార్ నా మొహం చూడకుండా, "జరాగు మామా. ఫైల్ కరెక్టే, కేబుల్‌ల ఏదో ఉన్నట్టున్నది" అన్నాడు.

కేబులట! తాళం తీసే ముందు ఫోన్ అడుగుతుందట, ఇందులో ఉన్నవన్నీ పోతాయి, సరేనా అని. సుమన తర్వాత చెప్పింది, అడగకుండా ఏ ఫోనూ తుడిచిపెట్టదట. వీడు సరే అని నొక్కాడు. నా గొంతు పోవడానికి వీడు సరే అన్నాడు! దవాఖానలో డాక్టర్లు కూడా కోసే ముందు నన్ను అడిగారు కదా, నా చేత సంతకం పెట్టించుకున్నారు కదా! వీడెవడు? నేను చెప్పు చేతిలోకి తీసుకున్నాను. సుచరిత అడ్డం వచ్చి నా చేయి పట్టుకుని ఏడ్చింది, "బాపూ, నీ కాళ్లు మొక్కుత, ఊకో" అని. బిడ్డ ఏడిస్తే ఏం చేస్తాను? చెప్పు కింద పడేశాను.

సుమన ఆ ఫోన్‌ను చూసి ముందు తల కొట్టుకుంది, తర్వాత శివకుమార్‌ను కొట్టినంత పని చేసింది. తక్కువ నంబర్‌దే ఎక్కించబోయాడట, అది కూడా మన దేశానిది కాదట. సరైనది వెతికి ఎక్కించింది. పొద్దంతా పట్టింది.

"ఫోన్ బతికింది కాకా" అంది. ఇంకేదో అనబోయి ఊరుకుంది. సుమన మాట మింగడం నేనెప్పుడూ చూడలేదు. అప్పుడు తెలిసింది నాకు, అన్నీ పోయాయని.

భిక్షపతి ఓదార్చడానికి వచ్చాడు. "అన్నా, ఇత్తునాల దుకాణంల నీ పాత అనౌన్స్‌మెంట్ పెన్‌డ్రైవ్ ఉంటది గద, అండ్ల నీ గొంతు ఉంటది." ఉంటుంది. మేలురకం పల్లి విత్తనాలు, త్వరపడండి అని ఉంటుంది. దాంతో నేను బువ్వ అడగనా, నొప్పి అని చెప్పుకోనా? వాణ్ణి కూడా కొట్టాలనిపించింది, పాపం మంచివాడే.

సరిచేసిన యాప్ అల్లుడు పోయే రోజు పొద్దున వచ్చింది. సుచరిత ఎక్కించింది. చక్కగా తెరుచుకుంది. బటన్లన్నీ ఉన్నాయి, ఒక్కదాంట్లో మాట లేదు. కాస్త ఆగి ఉంటే ఎంత బాగుండేది! నా ఫోన్‌ను పక్కన పెట్టి బిడ్డ మొహం తిప్పుకుని పోయింది.

మధ్యాహ్నం అన్నాలకు కూర్చున్నాం. పోయే అల్లుడికని సుగుణమ్మ కోడికూర చేసింది. నేను అన్నం వేళ్లతో కెలుకుతూ కూర్చున్నాను. వాడు మాత్రం బొక్క చీకుతూ అన్నాడు:

"ఏమనుకోకు మామా. పాతది పోతె పోయింది తియ్యి. గిప్పుడు టైపు చేస్తె చదివే గొంతులు వచ్చినయి. ఆడగొంతు, మొగగొంతు, ఏది కావాల్నంటె గది పెట్టుకో. గదే అడ్వాన్స్."

నేను కంచం ఎత్తి నేలకేసి కొట్టాను. అన్నం చెల్లాచెదురైంది. సుగుణమ్మ కూరగిన్నె పట్టుకుని నిలబడి ఉంది. ఊకో అంటుందని చూశాను. ఆమె గిన్నె కింద పెట్టింది.

"ఏమన్నవ్? పోతె పోయిందా?" అంది అల్లుడితో. "నీ అయ్య జాగీరా అది, పోతె పోయింది అననీకి? సుమన ముట్టొద్దన్నది. నీకు ఎర్కనే. ఎర్కుండి సుత నా దగ్గరికొచ్చి తియ్యగ అడిగినవ్. ఇచ్చిన, నాదే బుద్ధి తక్కువ. గింత అయినంక తప్పయింది అత్తా అని ఒక్క మాట అన్నవా? కేబులంట, కేబులు! థూ!"

"అమ్మా, ఊకోవే" అంది సుచరిత.

"నువ్వు నోర్ముయ్యి! అల్లుడైతె ఆకాశం నుంచి ఊడివడ్డడా? ఊకో ఊకో అని గీయిన్ని నేను ఆపుకుంట వచ్చిన, చెయ్యగూడని పని చేసిన!" ఆమె ఫోన్ వైపు వేలు చూపింది. "మీ మామ మాటలే పోయినయనుకుంటున్నవ్ గద. అండ్ల అన్నిటికంటె కింద ఒక బటన్ ఉండె. దాని మీద ఏం రాసి లేకుండె. గీయిన దాన్ని ఎన్నడు నొక్కలే. నేను నొక్కుకున్న. ఈయిన తానానికి పోయినప్పుడల్ల నొక్కి చెవుకాడ పెట్టుకున్న. గది ఎక్కిస్తవా మళ్ల? యే దేశంల దొరుకుతది గది?"

ఆ సంగతి ఇప్పటిదాకా మీకూ చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. మా ఇళ్లల్లో మొగుడు పెళ్లాన్ని పేరు పెట్టి పిలవడు. లగ్గమైన నాటి నుంచి నేను ఏయ్ అన్నాను, ఇగో అన్నాను, బిడ్డ పుట్టాక సుచరిత తల్లీ అన్నాను. దవాఖాన గదిలో చెప్పాల్సినవన్నీ చెప్పేశాక, రేపటి నుంచి ఇంక గొంతుండదని గుర్తొచ్చి, తలుపు వేసి ఉందో లేదో చూసుకుని, ఒక్కసారి "సుగుణా" అని పిలిచాను. ఇంటికొచ్చాక నొక్కడానికి సిగ్గేసింది. ఆమెకు తెలుసని నాకు తెలియదు.

"తప్పయింది అత్తా" అన్నాడు శివకుమార్, ఎంగిలి చెయ్యి అట్లాగే పెట్టుకుని. ఆమె వాడి వైపు చూడనైనా చూడలేదు. నా వైపు తిరిగింది.

"నువ్వేంది గట్ల జూస్తవ్? నోరున్నన్ని దినాలు ఒక్కపారన్న పిలిస్తివా? ఫోన్‌కు చెప్పినవ్! నేను గా పొయ్యికాడనే ఉంటి గదయ్యా, బతుకంత. పిలిస్తె పలుకకపోదునా?"

కొంగుతో ముక్కు తుడుచుకుని వంటింటి వైపు తిరిగింది. నేను లేచాను. నోరు తెరిచాను, పెదవులు ఆ పేరును పూర్తిగా పలికాయి, గాలి మాత్రం మెడలోంచి పోయింది. ఆమె నడుస్తూనే ఉంది. వీపు తిప్పి పోతున్న మనిషికి వినపడేలా పిలవడానికి నా దగ్గర ఇంకేమీ లేదు.